మెట్ల కింద పీకో ఆవిడ

ఆవిడ నోట్లో ఎప్పుడూ గుండుసూదులుండేవి. పెదాల మధ్య వాటిని బిగించి, చీర అంచుకి ఫాల్ ఆనించి సర్దుకుంటూ మాట్లాడేది. అందుకే ఆవిడ మాటలు సగం సగమే బయటికొచ్చేవి. "రేప్పొద్దున." "అట్టాగే." "పెట్టెళ్లండి." అంతే. పటమటలో మా వీధి ఆడవాళ్లందరికీ ఆ సగం మాటలు అలవాటైపోయాయి. ఎప్పుడైనా ఆ సూదులు ఒక్కొక్కటే తీసి మిషను పక్కనున్న దూదిదిండుకి గుచ్చిందంటే మాత్రం, ఏదో పెద్ద సంగతే చెప్పబోతోందని మాకు తెలిసిపోయేది.

ఈ మధ్య, వేసవి సెలవలయ్యి బడి తెరిచిన కొత్తలో, నేను స్టాఫ్ రూములో కూర్చుని ఉండగా ఆవిడ కూతురు ఫోన్ చేసింది.

"ఆంటీ, అమ్మ పోయింది" అంది. ఏడవటం లేదు. "పొద్దున మిషను దగ్గర కూర్చునుండగానే పక్కకి ఒరిగిపోయింది. గుండె ఆగిపోయిందన్నారు. సాయంత్రం తీసుకెళ్తారంట. రాగలిగితే రండి."

సెలవు పెట్టి, వాళ్లు కొన్నేళ్లుగా ఉంటున్న మైలవరానికి బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది కానీ దారంతా నాకు బయటేమీ కనపడలేదు. ఆ మెట్ల కింద చోటే కనపడింది.

మేం అద్దెకుండే ఇంట్లో పైవాటా మాది. కింద మెట్ల పక్కన ఒక్క గది, వంటకి చిన్న చోటు వాళ్లది. మెట్ల కింద మిగిలిన జాగాలో ఆవిడ కుట్టుమిషను. 'ఫాల్స్, పీకో చేయబడును' అని అట్టముక్క మీద రాసి గేటుకి కట్టింది. అక్కడ నిటారుగా నిలబడితే తలకి మెట్లు తగిలేవి. అందుకని ఎప్పుడూ వంగే లేచేది. బయటికొచ్చాక కూడా నాలుగడుగులు అలాగే వంగి నడిచి, అప్పుడు గుర్తొచ్చినట్టు నడుం ఎత్తేది.

పుట్టిల్లు పెడన. మగ్గాల ఇల్లు. చీర చేతికిస్తే రంగు చూసేది కాదు, కొంగు చూసేది కాదు. అంచు మడతలో బొటనవేలి గోరు పెట్టి అటూ ఇటూ రాసేది. నచ్చితే తల ఊపేది. నచ్చకపోతే, "ఎక్కడ కొన్నారండీ?" అని అడిగేది. ఆ ప్రశ్న వచ్చిందంటే మనం మోసపోయామన్నమాటే. మా వీధిలో పెళ్లి చీరలు తెచ్చుకున్నవాళ్లు ఆవిడ ఆ ప్రశ్న అడక్కుండా ఉంటే చాలనుకునేవాళ్లు.

ఇంకో అలవాటు. ఫోన్ వస్తే లేచి నిలబడేది. ఎవరిదైనా సరే. "ఫోన్లో అవతలివాళ్లకి మనం కనపడం కదమ్మా" అని మావారు ఒకసారి నవ్వితే, "మనకి తెలుస్తదిగా అండీ" అంది.

ఆవిడ భర్త గవర్నర్‌పేటలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో సేల్స్‌మన్. పొద్దునపూట ఆయన్ని చూసినవాళ్లెవరూ సాయంత్రపు ఆయన్ని నమ్మరు. తల నున్నగా దువ్వి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నేను దిగుతుంటే పక్కకి తప్పుకుని "గుడ్ మార్నింగండీ టీచర్ గారూ" అనేవాడు. ఎవరింట్లో ఫ్యాను ఆగిపోయినా పిలవకుండానే వెళ్లి చూసేవాడు. చీకటి పడే వేళకి అదే చొక్కా తొడుక్కుని వేరే మనిషి గేటు తీసేవాడు.

తాగి ఆవిడని కొట్టేవాడు. ఆ సంగతి వీధికంతా తెలుసు. ఆవిడ చెప్పేది కాదు, ఎవరూ అడిగేవాళ్లు కాదు. అయితే ఆవిడని భయపెట్టింది ఆ దెబ్బలు కాదు. తాగితే ఆయనకి కూతురి మీద ప్రేమ పొంగుకొచ్చేది. "నా బంగారం ఏదే? ఐస్‌క్రీమ్ తినిపించుకొస్తా" అంటూ పిల్లని బండి మీద ముందు కూర్చోబెట్టుకుని బయల్దేరేవాడు. ఆవిడ బండికి అడ్డం నిలబడేది. తాళాలు లాక్కునేది. కొన్నిసార్లు గెలిచేది, కొన్నిసార్లు ఓడిపోయేది. ఓడిన రోజు మిషను ముందు కూర్చునేది కాదు. వాళ్లు తిరిగొచ్చేదాకా గేటు పట్టుకుని నిలబడేది.

అలాంటి ఒక సాయంత్రం కాలవ గట్టు మీద బండి జారింది. పిల్ల పిక్క సైలెన్సర్‌కి అంటుకుని కాలింది. కూరగాయల బండతను ఎవరో చూసి పిల్లని ఇంటి దగ్గర దింపి వెళ్లాడు. మర్నాడు పొద్దున ఆ తండ్రి మెట్ల మీద కూర్చుని, కాలిన చోట మందు రాస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు. పిల్ల ఆయన తల నిమిరి, "ఏం కాదులే నాన్నా" అంది. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు.

ఆ పుండు ఇంకా పూర్తిగా మానకముందే ఇంకోటి జరిగింది. ఆయన మధ్యాహ్నం అన్నాల వేళకి పిల్ల చదివే బడికి వెళ్లి, ఇంట్లో పనుందని చెప్పి తీసుకెళ్లాడు. తండ్రే కదా అని పంపారు. బడి వదిలాక పిల్ల కోసం వెళ్లిన ఆవిడ ఒట్టి చేతులతో పరిగెత్తుకుంటూ వచ్చింది. మావారు, నేను, ఆవిడ తలో దిక్కుకీ వెతికాం. చివరికి హైవే పక్కన బ్రాందీ షాపు సందులో దొరికారు. సిమెంటు అరుగు మీద ఆయన నోరు తెరుచుకుని పడి ఉన్నాడు. పక్కన పిల్ల బాసింపట్టు వేసుకుని కూర్చుంది. దాని ఒళ్లో ఆయన చెప్పులు, ఫోను, బండి తాళాలు. ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా కాస్తోంది. చుట్టూ గ్లాసులు పట్టుకుని మగాళ్లు. ఒకాయన ఎవరో పిల్లకి పల్లీల పొట్లం కొనిచ్చాడు. ఇంకొకడు దానికి ఆనుకుని కూర్చుని, దాని జడ రిబ్బను వేలికి చుట్టుకుంటూ, నవ్వుతూ ఏదో అడుగుతున్నాడు.

ఆవిడ రిబ్బను వాడి వేలి మీంచి విడదీసింది. తొమ్మిదేళ్ల పిల్లని చంటిపిల్లలా చంకనేసుకుని ఇంటిదాకా నడిచింది. "నాన్న చెప్పులమ్మా, నాన్న చెప్పులు" అని పిల్ల దారంతా ఏడుస్తూనే ఉంది.

మర్నాడు ఆయన మామూలుగా తల దువ్వుకుని షాపుకి వెళ్లాక ఆవిడ నన్ను కిందికి పిలిచింది. పిల్లని బడికి పంపలేదు. లోపల పడుకోబెట్టింది. నేను వెళ్లేసరికి సూదులు తీసి దిండుకి గుచ్చుతోంది.

"టీచర్ గారూ, పిల్లల కోసమని గవర్నమెంటు వాళ్ల ఫోన్ నంబరొకటుంటది కదా. బళ్లల్లో గోడల మీద రాస్తారు. అది చెప్పండి."

"ఆలోచించుకున్నారా అక్కా? వాళ్లొస్తే పాపని తీసుకెళ్లినా తీసుకెళ్తారు."

"అందుకేగా అడుగుతుంది."

నంబరు చెప్పాను. ఆవిడ అలవాటుగా లేచి నిలబడింది, మెట్ల కింద నడుం వంచుకుని. "ఏవండీ, ఇక్కడొక పాప ప్రమాదంలో ఉందండీ" అంది. అవతల ఏదో అడిగారు. "ఎవరి పాపో కాదండీ. నా కూతురే." మళ్లీ ఏదో అడిగారు. ఆవిడ వివరంగా చెప్పింది. కాలవ గట్టు, బడి, బ్రాందీ షాపు, రిబ్బను. గొంతు ఎక్కడా ఆగలేదు. ఎవరింటి సంగతో చెబుతున్నట్టే చెప్పింది. మా ఇంటి అడ్రసు చెప్పడానికి మాత్రం కష్టపడింది. ప్రతి ముక్కా రెండేసి సార్లు చెప్పింది.

ఆ మధ్యాహ్నమే ఒకమ్మాయి, ఒకబ్బాయి మెళ్లో ఐడీ కార్డులు వేసుకుని వచ్చారు. మర్యాదస్తులు. పిల్లతో విడిగా మాట్లాడారు, కాలు చూశారు, నన్నూ అడిగారు. పిల్లని శిశు సంక్షేమ కమిటీ ముందుకి తీసుకెళ్లాలన్నారు. "నాకు మాట రాకపోతే మీరు చెబుదురుగాని" అని ఆవిడ నన్ను వెంట రమ్మంది. తీరా వెళ్లాక నేను నోరు తెరవాల్సిన పని పడలేదు.

బల్లకి అవతల నలుగురైదుగురు కూర్చున్నారు. వాళ్లలో పెద్దావిడ అడిగింది, కోపంగా కాదు: "తల్లివి నువ్వున్నావు కదమ్మా. నీ దగ్గరే పెట్టుకుని జాగ్రత్తగా చూసుకోవచ్చుగా?"

"నేనుండగానే ఇదంతా జరిగిందండీ."

"ఆయన మీద కేసు పెడతావా?"

"పెడితే ఎన్నాళ్లు లోపలుంచుతారండీ? వచ్చాక మళ్లీ మా ఇంటికేగా వచ్చేది. ఇంకా కోపంగా వస్తాడు."

"పోనీ పుట్టింటికి వెళ్లొచ్చుగా."

"మగ్గం మా అన్నయ్యదండీ, ఇల్లు మా వదినది. నేను చుట్టపుచూపుగా వెళ్తేనే మర్యాద."

"మరి మమ్మల్నేం చెయ్యమంటావమ్మా?"

"ఆయన బాగయ్యేదాకా దీన్ని ఎక్కడన్నా దాచండి."

దాచండి అంది.

పిల్లని బాలికల హోమ్‌కి పంపారు. ఇల్లు భద్రంగా ఉందనిపించాక తిరిగి అప్పగిస్తామన్నారు. తండ్రిని ప్రభుత్వాసుపత్రిలో తాగుడు మాన్పించే వైద్యానికి తీసుకెళ్లమన్నారు. పిల్ల జీపెక్కేటప్పుడు ఏడవలేదు. తల్లి చేతిలోని బట్టల సంచీ వంక, తల్లి మొహం వంక మార్చి మార్చి చూసింది.

వీధి మాత్రం ఊరుకోలేదు. "కన్నబిడ్డ మీద కంప్లైంటు ఇచ్చుకున్న తల్లిని నేనెక్కడా చూడలేదు" అంది ఇంటిగలావిడ, నాకు వినపడేలా. మొగుణ్ణి ఏమీ అనలేక పిల్లని వదిలించుకుందన్నారు. అంతకంటే నీచంగా కూడా అన్నారు. ఆడవాళ్లు చీరలివ్వడం మానేశారు. ఆవిడ మిషను మీద గుడ్డ కప్పి, దాని ముందే కూర్చునేది.

జీపు వెళ్లిన సాయంత్రం పిల్ల లేదని తెలిసి ఆయన వీధంతా వినపడేలా అరిచాడు. ఆవిడని కొట్టాడు. మావారు వెళ్లి పట్టుకోవలసి వచ్చింది. ఆ తర్వాతి రోజుల్లో ఆయనే ఆవిడ కాళ్లు పట్టుకున్నాడు. ఆవిడ రెండింటికీ ఒకటే జవాబు చెప్పింది.

"ఆస్పత్రికి రా. అప్పుడు పిల్ల వస్తది."

చాలా రోజులు రాలేదు. చివరికి వచ్చాడు. మానసిక వైద్యం వార్డు బయట బల్ల మీద కూర్చున్నప్పుడు, "నేనేమన్నా పిచ్చోణ్ణా?" అని లేచిపోబోయాడట. ఆవిడ ఆయన చొక్కా అంచు పట్టుకుని కూర్చోబెట్టిందట. "కాదు. పిచ్చోళ్లయితే మాట వింటారు" అందట. ఈ మాట ఆవిడే నాకు చెప్పి నవ్వింది. ఆ ఏడాదంతా ఆవిడ నవ్వగా చూసింది అదొక్కసారే.

వార్డులో ఉండగా ఆయన చేతులు వణికేవి. లేని చీమల్ని ఒంటి మీంచి దులుపుకునేవాడు. ఆవిడ కూడా ఆ చీమల్ని దులిపేది. "లేవంటే భయపడతాడండీ. దులిపేస్తే పోయినయ్యనుకుంటాడు" అనేది. కుర్ర డాక్టరు ఓపికగా చెప్పాడు: "ఇది జబ్బమ్మా. ఒకసారి వచ్చి వెళ్తే పోయేది కాదు. మళ్లీ తాగొచ్చు. తాగితే సిగ్గుపడి దాక్కోవద్దు, మళ్లీ తీసుకురండి."

ఇంటికొచ్చాక బాగానే ఉన్నాడు. మాత్రలు వేసుకున్నాడు, షాపుకి వెళ్లాడు, సాయంత్రాలు మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఫాల్స్ కత్తిరించి ఇచ్చేవాడు. కమిటీ వాళ్లు వచ్చి చూసి దసరా సెలవలకి పిల్లని పంపారు. ఆ వారమంతా కింద గదిలోంచి మాటలు, నవ్వులు వినపడేవి. పండగ నాడు షాపులో ఆయుధపూజ చేశారు. పూజయ్యాక అందరూ మందు పుచ్చుకున్నారు. ఆయన తూలుకుంటూ వచ్చి గేటు దగ్గరే కేకేశాడు, "నా బంగారం ఏదే?" అని.

మర్నాడు ఆవిడ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. తనే పిల్ల బట్టలు సర్ది, హోమ్‌కి తీసుకెళ్లి అప్పగించి వచ్చింది. నేను పై నుంచి చూస్తున్నాను. వెళ్లేటప్పుడు పిల్ల ముందు నడుస్తోంది, ఆవిడ వెనక.

అప్పుడు ఆయన అన్నదమ్ములు కలగజేసుకున్నారు. హైవే మీద ఎక్కడో ప్రైవేటు సెంటరుంది, అక్కడ పెడితే దెబ్బకి మానేస్తాడని చెప్పి చేర్పించారు. చూడ్డానికి రానివ్వరన్నారు. ఆవిడ ఊరుకోకుండా వెళ్లింది. గేటు దగ్గర పొద్దున్నించీ కూర్చుంటే విసుగెత్తి ఆయన్ని తీసుకొచ్చి చూపించారు. ముంజేతుల మీద తాళ్ల వాతలు. వీపు మీద బెల్టు వాతలు. అక్కడి మనిషితో ఆవిడ, "జబ్బు తగ్గించమని ఇచ్చాం మనిషిని. పొగరు దించమని కాదు" అని, ఆయన్ని ఆటోలో ఎక్కించుకుని మళ్లీ ఆ ప్రభుత్వాసుపత్రి వార్డుకే తీసుకొచ్చింది. తనని కొట్టిన మనిషిని వేరేవాళ్లు కొడితే ఆవిడ ఓర్చుకోలేకపోయింది. ఇదేమిటో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాదు.

ఆ తర్వాత ఏళ్లన్నీ ఇంతే. వార్డు, ఇల్లు, కొన్నాళ్లు బాగుండటం, మళ్లీ వార్డు. షాపువాళ్లు పొమ్మన్నారు. మధ్యలో ఆదివారాలు.

ఒక ఆదివారం నన్నూ హోమ్‌కి తీసుకెళ్లింది. లోపలికి వండినవేవీ తీసుకెళ్లనివ్వరు. అందుకని ఆవిడ దువ్వెన, కొబ్బరినూనె సీసా మాత్రం పట్టుకెళ్లేది. వరండాలో చాప మీద తల్లి కూర్చుంది. పిల్ల వచ్చి, తల్లికి వీపు పెట్టి ముందు కూర్చుంది. ఆవిడ జడ విప్పి, నూనె రాసి, చిక్కు తీసి, మెల్లగా అల్లడం మొదలుపెట్టింది. అల్లింది విప్పి మళ్లీ అల్లింది. చూడటానికి ఇచ్చిన సమయమంతా అలాగే గడిచింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. "బాగా తింటున్నావా?" "ఆఁ." "చదువుతున్నావా?" "ఆఁ." గంట కొట్టగానే పిల్ల లేచి, తల తిప్పకుండా లోపలికి వెళ్లిపోయింది.

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆవిడ అడిగింది, "నేను చేసింది మంచి పనేనా టీచర్ గారూ?"

"మంచి పనే అక్కా."

"మంచి పనైతే ఇట్టా ఉంటదా?"

బస్సొచ్చింది, ఎక్కాం.

ఇంటిగలావిడ ఖాళీ చెయ్యమన్నాక వాళ్లు మైలవరం వెళ్లిపోయారు. అక్కడ ఆవిడ పిన్ని కూతురు టైలరింగు షాపు పెట్టుకుని ఉంది. పిల్ల హోమ్‌లో ఉంటూనే పదో తరగతి పాసయ్యింది. తర్వాత హాస్టల్లో ఇంటర్. ఇప్పుడు విజయవాడలోనే ఒక మందుల షాపులో బిల్లింగు దగ్గర పనిచేస్తూ, తోటి అమ్మాయిలతో గది తీసుకుని ఉంటోంది. తల్లి దగ్గరికి పండగలకి వెళ్లేదట. ఒక పూట ఉండి వచ్చేసేదట.

రెండేళ్ల కిందట గవర్నర్‌పేటలో దారాలు కొనుక్కుంటూ ఆవిడ అనుకోకుండా కనపడింది. బాగా చిక్కిపోయింది. చెయ్యి పట్టుకుని హోటల్లోకి తీసుకెళ్లాను. ఇడ్లీ ముందు పెట్టుకుని తుంపుతూ కూర్చుంది కానీ తినలేదు.

"ఆయన ఎలా ఉన్నారు?"

"మానేశాడండీ. మానేశానని ఆయనకే తెలీదు."

తాగుడు మెదడుని దెబ్బతీసిందని డాక్టర్లు చెప్పారట. పాత సంగతులు కొన్ని గుర్తున్నాయి, కొత్తవేవీ నిలవడం లేదు. అన్నం తిన్న కాసేపటికే అన్నం పెట్టలేదంటాడు. "మధ్యాహ్నం దాటితే చాలండీ, చొక్కా వేసుకుంటాడు. బడి వదిలే టైమైంది, పాపని తీసుకురావాలంటాడు. తలుపు దగ్గర మంచం అడ్డం వేసుకుని కూర్చుంటన్నా. రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. ఒకోసారి మిషను తొక్కుతూ తొక్కుతూ, ఎందుకు తొక్కుతున్నానో తెలీకుండా అట్టా ఆగిపోతన్నా."

నాకు భయమేసింది. మనసు బాగోనివాళ్లు ఉచితంగా మాట్లాడుకునే హెల్ప్‌లైన్ ఉందని చెప్పి, నా ఫోన్లోంచే కలిపి ఆవిడకిచ్చాను. అంత రద్దీ హోటల్లోనూ ఆవిడ లేచి నిలబడింది. ఆయన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. మాత్రల పేర్లు, మతిమరుపు, మంచం. అవతలి ఆడగొంతు నిదానంగా వింది. విని, "మీకెలా ఉందమ్మా?" అని అడిగింది. పక్కనే ఉన్న నాకూ వినపడింది.

"అదే చెబుతున్నానండీ, ఆయన..."

"ఆయన గురించి కాదమ్మా. మీకు. మీకెలా ఉంది?"

ఆవిడ ఫోన్ చెవి మీంచి తీసి దాని వంక చూసింది. "లైను బాగోలేదు" అని నా చేతికిచ్చేసింది. లైను బాగానే ఉంది. అవతలి అమ్మాయి, "అమ్మా, ఉన్నారా? తొందరేం లేదమ్మా, ఉన్నారా?" అంటూనే ఉంది.

దారాల సంచీ తీసుకుని బస్టాండు వైపు వెళ్లిపోయింది. ఆవిణ్ణి చూడటం అదే ఆఖరు.

మైలవరంలో నేను వెళ్లేసరికి చాప మీద పడుకోబెట్టి ఉంది. బ్రతికుండగా ఎప్పుడూ చూడనంత నిటారుగా ఉంది మనిషి. గది నిండా చుట్టాలు. "మొగుడికి ఎంత చేసుకుంటే ఏం, కూతుర్ని మాత్రం అనాథల్లో పడేసింది" అని ఎవరో అంటున్నారు, పిల్ల పక్కనే కూర్చుని ఉండగా. ఆయన గోడవార కుర్చీలో, ఎవరో వేసిన ఉతికిన చొక్కాతో ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. "రండి రండి, కూర్చోండి. మా ఆవిడ దారాలకి వెళ్లింది, వచ్చేస్తది" అన్నాడు.

అంతా అయ్యాక పిల్లా నేనూ వాకిట్లో కూర్చున్నాం. దానికిప్పుడు ఇరవై దాటాయి. తల్లి నుదురే.

"అమ్మ ఫోన్ చేసిన రోజు నేను నిద్రపోలేదు ఆంటీ" అంది. "లోపల పడుకుని మొత్తం విన్నాను. అమ్మ అడ్రసు చెబుతుంటే, పోలీసులొచ్చి నాన్నని తీసుకెళ్తారనుకున్నా. నా బట్టలు సర్దేదాకా నాకు తెలీదు, తీసుకెళ్లేది నన్నని."

నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మ చేసింది కరెక్టే. హోమ్‌లో పిల్లల కథలు విన్నాక నాకే తెలిసింది. కరెక్టేనని ఎన్నోసార్లు అనుకున్నా. కానీ ఆదివారం అమ్మ వస్తే మాత్రం మొహం చూడబుద్ధేసేది కాదు. ఆ మాట అమ్మకి చెప్పాలనుకున్నా. చెప్పలా." లోపల కుర్చీలో ఉన్న తండ్రి వంక చూసి, "నాన్నని మాత్రం నేను చూడలేను ఆంటీ. మావయ్య ఏదో ఆశ్రమం ఉందంటున్నాడు. వదిలేస్తా. నా వల్ల కాదు" అంది.

"వదిలెయ్యి. నీ తప్పేం లేదు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

కర్మకాండలన్నీ అయ్యాక మళ్లీ ఫోన్ చేసింది. ఆయన మాత్రలు అయిపోయాయట. ఆశ్రమంవాళ్లు డాక్టరు చీటీ లేకుండా చేర్చుకోం అన్నారట. ఆస్పత్రికి తీసుకొస్తున్నాను, కాస్త తోడు రమ్మంది. వెళ్లాను. బల్ల మీద ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని కూర్చున్నాం. ఆయన వచ్చేపోయేవాళ్లందరికీ నమస్కారాలు పెడుతున్నాడు.

నర్సు ఆయన్ని గుర్తుపట్టింది. "ఎప్పుడూ వాళ్లావిడ తీసుకొచ్చేదిగా. రాలేదా?"

"అమ్మ చనిపోయిందండీ" అంది పిల్ల.

నర్సు చేతిలో పని ఆపింది. "అయ్యో" అంది. ఫైలు తెరిచి, "ఈయనకి నెల నెలా చూపించుకోవాలమ్మా. ఇకమీదట ఎవరు తీసుకొస్తారు?" అని అడిగింది.

ఆశ్రమంవాళ్లు చూసుకుంటారని చెబుతుందనుకున్నాను. చెప్పాలని లోపల్లోపల దండం పెట్టుకున్నాను. ఈ మనిషి చెయ్యి పట్టుకుని ఆ పిల్ల ఈ వరండాల్లో తిరక్కూడదనే ఆ తల్లి దాన్ని దాచమని అడిగింది. వీధి చేత అన్ని మాటలు పడింది.

"నేనే తీసుకొస్తానండీ" అంది పిల్ల.

లోపలి నుంచి ఆయన పేరు పిలిచారు. ఆయనకి వినపడినట్టు లేదు. పిల్ల లేచి, ఆయన చంక కింద చెయ్యి వేసి లేపి నిలబెట్టింది. ఆయన చొక్కా సర్దుకుని, ఆ పిల్ల మొహంలోకి చూసి రెండు చేతులూ జోడించాడు.

"చాలా థ్యాంక్సండీ" అన్నాడు. "మీరెవరో గానీ."